మోటర్‌హోమ్ మురుగు ట్యాంకు పంపు మొరాయిస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది విజయనగరం. నేనూ మా బావా కలిసి ఒక పాత టెంపో ట్రావెలర్‌ని మోటర్‌హోమ్‌గా, అంటే పడకా వంటా లెట్రినూ ఉన్న బండిగా, మార్పించుకున్నాం. పండక్కో సెలవులకో ఇంటిల్లిపాదీ అందులో ఎక్కి అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం, కళింగపట్నం, బారువ దాకా వెళ్లొస్తుంటాం. ఇంజను మమ్మల్ని ఏనాడూ ఏడిపించలేదు కానీ లెట్రిన్ ట్యాంకు ఖాళీ చేసే పంపు మాత్రం మూడుసార్లు దారిలో కూర్చోబెట్టింది, అందులో రెండుసార్లు పంపులో ఏ లోపమూ లేదు. కొత్తగా బండి కట్టించుకున్నవాళ్లు, అద్దెకు తిప్పేవాళ్లు ఫోన్ చేసి ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి నాకు తెలిసిందంతా ఒకచోట పెడుతున్నాను. పంపు విప్పడం ఆఖరి పని, మొదటి పని కాదు. ఈ ఒక్క మాట పట్టుకుని కింద చదవండి.

అసలు ఈ పంపు ఏం చేస్తుంది? మన బోరు మోటారు లాంటిదేనా?

కొంతవరకూ. బండి కింద మామూలుగా రెండు ట్యాంకులుంటాయి, లెట్రిన్‌ది బ్లాక్ ట్యాంకు, స్నానం, సింకు నీళ్లది గ్రే ట్యాంకు. బ్లాక్ ట్యాంకుకు బిగించేది మేసరేటర్ పంపు. దాని ముందు భాగంలో మిక్సీ జారులో ఉన్నట్టు ఒక బ్లేడు తిరిగి వచ్చినదాన్నల్లా నలగ్గొడుతుంది, దాని వెనకున్న ఇంపెల్లరు, అంటే రెక్కలున్న రబ్బరు చక్రం, ఆ జావను పైపులోకి నెడుతుంది. 12 వోల్టుల డీసీ మీద నడుస్తూ 10 నుంచి 16 ఆంపియర్ల దాకా లాగుతుంది, అందుకే చాలావాటికి 20 ఆంపియర్ల ఫ్యూజు వేస్తారు. బాగున్న పంపు నిమిషానికి 40 లీటర్ల పైనే తోడుతుంది, అంటే 80 లీటర్ల ట్యాంకు రెండు మూడు నిమిషాల్లో ఖాళీ అయిపోవాలి. మీది పది నిమిషాలు తీసుకుంటోందంటే అప్పటికే ఏదో మొదలైందన్నమాట.

బోరు మోటారుతో ఒక పోలిక మాత్రం అచ్చంగా కుదురుతుంది, రెండింటినీ నీళ్లు లేకుండా నడపకూడదు. రబ్బరు రెక్కలకు ఆ నీళ్లే తడి, ఆ నీళ్లే చల్లదనం.

స్విచ్ వేస్తే చిన్న చప్పుడు కూడా లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

బ్యాటరీ దగ్గర. ఇంజను బ్యాటరీ కాదు, లోపలి లైట్లకూ ఫ్యాన్లకూ పెట్టిన రెండో బ్యాటరీ. లోడ్ ఏమీ లేనప్పుడు మల్టీమీటరు పెడితే లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6, 12.7 దాకా చూపిస్తుంది. 12 దగ్గరుంటే సగం పైనే ఖర్చయిపోయినట్టు. రాత్రంతా ఫ్రిజ్, ఫ్యాను నడిచాక పొద్దున్నే పంపు వేస్తే లైట్లు వెలుగుతాయి, పంపు కదలదు. "లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి కరెంటు ఉంది, పంపే పోయింది" అని చాలామంది అక్కడే పొరబడుతున్నారు. లైటుకు ఒక ఆంపియర్ కూడా అక్కర్లేదు, పంపుకు దానికి పది రెట్లు పైన కావాలి.

బ్యాటరీ బాగుంటే ఫ్యూజు చూడండి. పైకి తీసి వెలుతురుకు పెట్టి చూస్తే సరిపోదు, దాని కాళ్లు నల్లబడ్డాయేమో, హోల్డర్ ప్లాస్టిక్కు కరిగిందేమో కూడా చూడాలి. తర్వాత స్విచ్ వేసి ఉంచి, వైర్లు పీకకుండానే, పంపు దగ్గర రెండు వైర్ల మధ్య మీటరు పెట్టండి. అక్కడ 12 వోల్టులు వస్తూ పంపు పలకకపోతే లోపం మోటారులో ఉంది. ఏమీ రాకపోతే ఎర్ర మొన అక్కడే ఉంచి నల్ల మొనను చాసిస్ (బండి ఇనప చట్రం) మీద శుభ్రంగా గీకిన చోట తాకించి చూడండి. ఇప్పుడు 12 చూపిస్తే పాజిటివ్ బాగుంది, ఎర్త్ (నెగటివ్ వైరు చాసిస్‌కు కలిసే చోటు) పోయింది. అక్కడా సున్నాయే అయితే స్విచ్, రిలే (చిన్న స్విచ్‌తో పెద్ద కరెంటును కలిపే డబ్బీ), వైరు వరసగా వెనక్కి వెతుక్కుంటూ రావాలి.

సముద్రం పక్కన తిరిగే బండికి ముందు అనుమానించాల్సింది ఎర్తే. బారువలో రెండు రాత్రులుండి తిరిగొచ్చిన వారానికి మా పంపు మూగబోయింది. చాసిస్‌కు బిగించిన నెగటివ్ బోల్టు పైకి శుభ్రంగా ఉంది, పెయింటు కూడా పోలేదు. స్పానరు పెట్టి విప్పితే లగ్గు (వైరు కొసకు బిగించే రాగి ముక్క) అడుగున పచ్చటి చిలుము పొడి పొడిగా రాలింది, రాగి పోగులు సగం నల్లబడిపోయి గోటితో అంటితేనే తుంపులైపోయాయి. ఉప్పుగాలి చేసిన పని అది. వైరు చివర నాలుగు వేళ్ల మేర కోసేసి, కొత్త లగ్గు వేసి, చాసిస్ మీద గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూశాం. అప్పటికే కొత్త పంపు కొనడానికి డబ్బులు సిద్ధం చేసుకున్నాం కూడా.

మూలుగుతోంది కానీ తిరగడం లేదు

వెంటనే స్విచ్ ఆపేయండి. ఇరుక్కుపోయిన మోటారుకు కరెంటు పెడుతూ పోతే కాయిల్ కాలిపోతుంది.

దీనికి రెండు కారణాలు. ఒకటి, చాలా రోజులు బండి నిలబెట్టేస్తే రబ్బరు రెక్కలు లోపలి గోడకు అంటుకుపోతాయి. రెండు, బ్లేడులో ఏదో చుట్టుకుంది. రెండింటికీ మొదటి వైద్యం ఒకటే. చాలా మేసరేటర్ పంపులకు మోటారు వెనక చివర షాఫ్టు కొసలో స్క్రూడ్రైవరు పట్టే గాడి ఉంటుంది, కొన్నింటికి దాని మీద చిన్న మూత ఉంటుంది. ముందు ఫ్యూజు పీకేసి, ఆ గాడిలో స్క్రూడ్రైవరు పెట్టి అటొకసారి ఇటొకసారి నెమ్మదిగా తిప్పాలి. బలం ఉపయోగించకండి, కదలికను చేతికి తెలియనివ్వండి. రబ్బరు అంటుకుని ఉంటే జిగటగా వదులుతుంది, గట్టి వస్తువు ఇరుక్కుంటే ఠక్కున ఒకేచోట ఆగుతుంది.

ఒక డిసెంబరులో కళింగపట్నంలో రాత్రి తొమ్మిదింటికి మాకు ఇదే జరిగింది. ట్యాంకు నిండిపోయింది, బండిలో ఆరుగురం, అందులో నెలల పిల్ల ఒకత్తి. బావ ఫోన్ టార్చి నోట కరుచుకుని బండి కిందకు దూరాడు. "ఏటి బావా, కాలిపోనాదేటి?" అన్నాను. "కాలనేదు, ఇరుక్కుపోనాది. సన్న స్క్రూడ్రైవరు అందియ్యి" అన్నాడు. మూడోసారికి షాఫ్టు పావు చుట్టు తిరిగింది, ఇంకోసారికి సగం, తర్వాత స్విచ్ వేస్తే గరగరమంటూ అందుకుంది. ఇంటికొచ్చి విప్పి చూస్తే బ్లేడు మెడకు పిల్లకు తుడిచే తడి కాగితం, అదే వెట్ వైప్, చుట్టుకుని ఉంది, తాడు పేనినట్టు ఎంత గట్టిగా బిగుసుకుందంటే చాకుతో కోసి తీయాల్సి వచ్చింది.

వెట్ వైప్స్ నీళ్లలో కరగవు, పాకెట్టు మీద ఏం రాసి ఉన్నా సరే. శానిటరీ ప్యాడ్లు, దూది, తలవెంట్రుకలు, పళ్ల సందుల్లో వాడే దారం, ఇవన్నీ అంతే. లెట్రిన్ తలుపు లోపలివైపు పెద్దక్షరాలతో రాసి అంటించి, పక్కనే మూతున్న చిన్న డబ్బా పెట్టండి. చుట్టాలకు నోటితో చెప్పడం మొహమాటం, కాగితం అయితే ఎవరూ ఏమీ అనుకోరు.

మోటారు బాగానే తిరుగుతోంది, చుక్క బయటికి రావడం లేదు

ట్యాంకు నుంచి పంపుకు పోయే దారిని మూసే గేటు వాల్వు తెరిచారా? అడగకూడని ప్రశ్న అనుకోకండి, హడావిడిలో అందరం మరిచిపోయేదే. పిడి బయటికి వచ్చినా లోపలి పలక ఊడి అక్కడే ఉండిపోవడం కూడా ఉంది, కాబట్టి పిడి మరీ తేలిగ్గా జారుతుంటే దాన్ని అనుమానించండి.

వాల్వు సరిగ్గా ఉంటే గాలి సంగతి చూడాలి. పంపుకు ముందున్న పైపు క్లిప్పు వదులైతే పంపు నీటికి బదులు గాలి పీలుస్తుంది. పంపు లోపలికి లాగుతోంది కాబట్టి బయటికి చుక్క కూడా కారదు, చూస్తే అంతా పొడిగానే ఉంటుంది, అదే దీంట్లో మోసం. అన్ని క్లిప్పులూ ఒకసారి బిగించి చూడండి. ట్యాంకుకు పైకప్పు దాకా వెళ్లే గాలి గొట్టం మూసుకుపోయినా ఇలాగే అవుతుంది. కందిరీగలు గూడు కట్టి మూసేయడం మా బండికే జరిగింది. గాలి లోపలికి రాకపోతే నీరు బయటికి పోదు, నూనె డబ్బాకు ఒకటే కన్నం పెడితే ధార ఆగి ఆగి పడినట్టు. పంపు నడుస్తుండగా లోపల ఫ్లష్ పెడల్ తొక్కి పట్టుకోండి, అటునుంచి ట్యాంకులోకి గాలి దిగుతుంది. ధార పెరిగితే గొట్టమే దోషి.

అవేవీ కాకపోతే ఇంపెల్లరు రెక్కలు పోయాయి. పొడిగా నడిపిన పంపులో జరిగేది ఇదే. మా మూడో సమస్య ఇదే, తప్పు నూటికి నూరుపాళ్లూ మాదే. ట్యాంకు ఖాళీ అయ్యాక పంపు ఆపకుండా ఫోన్ మాట్లాడుతూ ఉండిపోయాను. విప్పితే నల్ల రబ్బరు చక్రానికి రెండు రెక్కలు మొదట్లోనే చీలి వేలాడుతున్నాయి, మిగిలినవాటి అంచులు కాలిన టైరులా నున్నగా మెరుస్తున్నాయి, వాసన కూడా టైరు వాసనే. చప్పుడు మారితే ట్యాంకు అయిపోయినట్టు. నిండుగా తోడేటప్పుడు బరువుగా వినిపించే మోత ఒక్కసారి తేలికై కీచుమంటుంది, ఆ క్షణంలోనే ఆపాలి. పారదర్శకమైన ముక్క ఒకటి పైపుకు పెట్టించుకుంటే కంటికి కూడా కనిపిస్తుంది.

ఫ్యూజు పదే పదే పోతోంది. 30 ఆంపియర్లది వేసేయొచ్చా?

వద్దు. ఫ్యూజు ఉన్నది వైరు కాలకుండా కాపాడటానికి. పెద్ద ఫ్యూజు వేస్తే ఫ్యూజుకు బదులు వైరు కాలుతుంది, ఆ వైరు మీ పిల్లలు పడుకునే మంచం కింద నుంచి పోతుంది. ఫ్యూజు పోతోందంటే పంపు ఇరుక్కుంటోంది, లేదంటే ఎక్కడో తోలు లేచిన వైరు చాసిస్‌కు తగులుతోంది. వెతికి పట్టుకోండి.

ఐదు నిమిషాలు నడిచి ఆగిపోతుంది, కాసేపటికి దానంతటదే మళ్లీ తిరుగుతుంది

మోటారు లోపల వేడికి తెగి చల్లారాక కలిసే రక్షణ స్విచ్ ఒకటి ఉంటుంది, అది తన పని తాను చేస్తోంది. పంపును తిట్టుకోకుండా ఎందుకు వేడెక్కుతోందో చూడాలి. ఎక్కువసార్లు కారణం సన్నని వైరు. లెక్క చూడండి: బ్యాటరీ నుంచి పంపుకు 5 మీటర్లుంటే పోను రాను 10 మీటర్ల రాగి. 15 ఆంపియర్లు లాగేటప్పుడు 1 ఎస్‌క్యూ ఎమ్ఎమ్ వైరులో రెండున్నర వోల్టుల పైనే దారిలో ఆవిరైపోతాయి, అంటే పంపుకు చేరేది పది లోపే. 2.5 వైరులో ఒక వోల్టు పోతుంది, 6 వైరులో అర వోల్టు కూడా పోదు. ఇళ్లకు వైరింగు చేసే ఎలక్ట్రీషియన్‌తో బండి పని చేయించినప్పుడు వచ్చే చిక్కు ఇది. 230 వోల్టులకు అలవాటైన చెయ్యి 12 వోల్టులకు కూడా అదే వైరు లాగుతుంది, ఆయన తప్పు కాదు, మనమే ముందు చెప్పాలి. దీనికి 6 వైరే వేయించండి, డబ్బుకు వెనకాడకండి.

మనం పేపర్ వాడం, నీళ్లే కదా. అయినా ట్యాంకు అడుగున గట్టిపడుతుందా?

నీళ్ల అలవాటు పంపుకు మంచిదే. బయటి దేశాలవాళ్ల తలనొప్పుల్లో సగం కాగితం వల్లే. మన ట్యాంకు మాత్రం త్వరగా నిండుతుంది, నలుగురైదుగురుంటే ఒకటిన్నర రోజు. అయినా ఒక తప్పు చేస్తే మనకూ గట్టిపడుతుంది: బ్లాక్ ట్యాంకు వాల్వు ఎప్పుడూ తెరిచి ఉంచడం. నీరంతా ముందే జారిపోయి, మిగిలింది కమోడు కింద కుప్పగా పేరుకుని పిడకలా ఎండిపోతుంది, అప్పుడు ఏ పంపూ దాన్ని లాగలేదు. వాల్వు మూసే ఉంచండి, ఖాళీ చేసిన ప్రతిసారీ ఒక బకెట్టు నీళ్లు లోపల వదిలేయండి, మూడింట రెండొంతులు నిండాకే తెరవండి. ఇప్పటికే కుప్ప కట్టి ఉంటే ట్యాంకు సగానికి పైగా నీళ్లు నింపి పది ఇరవై కిలోమీటర్లు తిప్పండి. రణస్థలం నుంచి శ్రీకాకుళం దాకా హైవే మీద నునుపుగా పోయే కన్నా, లోపలి ఊళ్ల గతుకుల రోడ్డు మీద తిప్పితే ఇంకా బాగా కుదులుతుంది.

గ్రే ట్యాంకు పంపు చిన్నది, అదెందుకు అస్తమానం ఆగుతుంది?

మన వంట వల్ల. గ్రే ట్యాంకుకు ఎక్కువగా డయాఫ్రం పంపు, అంటే రబ్బరు పొర అటూ ఇటూ కదిలి నీరు తోడేది, పెడతారు. దానిలో మెత్తటి రబ్బరు వాల్వులుంటాయి, వాటి కింద ఒక్క అన్నం మెతుకు ఇరుక్కుంటే చాలు, పంపు టకటకలాడుతూనే ఉంటుంది, నీరు ఎక్కదు. గంజి, టీ పొడి, తాలింపు ఆవాలు, చేపల పులుసు మీద తేలే నూనె అన్నీ కలిసి ట్యాంకు గోడలకు జిగురులా పడతాయి. మా మరదలు పెట్టిన పద్ధతి ఇప్పుడు మా బండిలో చట్టం: గిన్నెలు ముందు పాత పేపరుతో తుడవాలి, మెతుకులు చెత్తబుట్టలోకి, ఆ తర్వాతే సింకులోకి. సింకు కన్నానికి సన్నటి జల్లెడ, పంపుకు ముందు విప్పి కడుక్కునే ఫిల్టరు. ఇది చేసినప్పటి నుంచి గ్రే పంపు ముట్టుకోలేదు.

ఖాళీ చేసినా మీటరు నిండిందనే చూపిస్తోంది

ట్యాంకు గోడకున్న సెన్సరు మేకుల మీద పాచి పేరుకుంది, పంపుకు సంబంధం లేదు. గోరువెచ్చటి నీళ్లలో అంట్ల సబ్బు కలిపి పోసి ఒక ప్రయాణం చేయండి.

యాసిడ్, ఫినాయిల్, బ్లీచింగ్ పోస్తే శుభ్రపడుతుంది కదా?

ఇంట్లో బాత్రూం కడిగే యాసిడ్ పంపులోని లోహాన్ని, సీళ్లను తినేస్తుంది. బ్లీచింగ్ రబ్బరును పెళుసు చేస్తుంది. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది, ఆ ఇరుకు బండిలో అది ప్రాణం మీదకు తెస్తుంది. ఏవీ వద్దు. వాసనకు ఎక్కువ నీళ్లు, సరైన గాలి గొట్టం, తడి ఆరని ట్రాపులు (నీరు నిలిచి వాసనను ఆపే వంపు పైపులు) చాలు. బండి ఎండలో నిలబడితే సింకు కింద ట్రాపులో నీరు ఆవిరైపోయి వాసన లోపలికి వస్తుంది, రెండు చెంబులు నీళ్లు పోస్తే ఆగిపోతుంది. ఫార్మాల్డిహైడ్ ఉండే ట్యాంకు మందులు కూడా మానండి. వాటిని ఎవరింటి సెప్టిక్ ట్యాంకులో వదిలితే అక్కడ మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి.

పంపు విప్పక తప్పడం లేదు. ఎలా?

ముందు ట్యాంకు వీలైనంత ఖాళీ చేసి, వాల్వు మూసి, ఫ్యూజు తీసి జేబులో పెట్టుకోండి. చేతులకు మందపాటి రబ్బరు గ్లవ్స్, కళ్లకు అద్దాలు, కింద వెడల్పాటి టబ్బు. వాల్వు మూసినా పైపులో లీటరో రెండో ఉంటుంది, అది మీద పడకుండా పక్కకు కూర్చుని క్లిప్పు వదులు చేయండి. విప్పేముందు ఫోన్‌తో నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి, ఏ వాషరు తర్వాత ఏ రబ్బరు వచ్చిందో తెలుస్తుంది. పొడుగు బోల్టులు తీస్తే ముందు బ్లేడు, దాని వెనక పలక, ఆ వెనక ఇంపెల్లరు వస్తాయి. రెక్కలన్నీ ఒకవైపుకే వంగి ఉంటాయి, కొత్తది పెట్టేటప్పుడు తిరిగే దిక్కుకు అదే వంపు రావాలి. సబ్బు నీళ్లతో తడిపి పెడితే సులువుగా దూరుతుంది. మోటారుకూ పంపుకూ మధ్య నుంచి చుక్కలు కారుతున్నట్టయితే షాఫ్టు సీలు పోయిందని అర్థం, ఎలాగూ విప్పారు కాబట్టి అదీ మార్చేయండి. దాన్ని అలాగే వదిలేస్తే నీరు మోటారు బేరింగులోకి దిగి మొత్తం పంపే పోతుంది.

ఈ పని ఆరుబయట చేయండి. ట్యాంకు మూతి దగ్గర ముఖం పెట్టకండి, బీడీ, అగ్గిపుల్ల దగ్గరకు రానివ్వకండి. లోపల మీథేన్ అంటుకుంటుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కుకు వాసన తెలియడమే ఆగిపోతుంది. వాసన లేదు కాబట్టి గ్యాస్ లేదనుకోవడం ప్రమాదం.

దారిలో పంపు పూర్తిగా పోయింది, ట్యాంకు నిండిపోయింది. ఇప్పుడేం చేయాలి?

లెట్రిన్ వాడకం ఆపేసి పెట్రోలు బంకుల్లో పని కానివ్వండి. మీ బండికి నేరుగా తెరుచుకునే మూడంగుళాల మూతి కూడా ఉంటే పంపు లేకుండానే పల్లంలో ఉన్న సెప్టిక్ ట్యాంకులోకి వదలొచ్చు, కాబట్టి కట్టించుకునేటప్పుడే అది పెట్టించుకోండి. లేకపోతే నరసన్నపేట, టెక్కలి, పలాస ఎక్కడైనా గోడల మీద, కరెంటు స్తంభాల మీద సెప్టిక్ ట్యాంక్ క్లీనింగ్ ఫోన్ నంబర్లు రాసి ఉంటాయి. వాళ్ల బండికి వాక్యూం పైపు ఉంటుంది, మీ ట్యాంకు వాళ్లకు ఐదు నిమిషాల పని. తీసుకెళ్లి ఎక్కడ పోస్తారో అడిగి, సరైన చోటికే అని తెలిశాకే ఇవ్వండి.

కూలికి మనిషిని పిలిచి చేత్తో తీయించాలన్న ఆలోచన దయచేసి రానివ్వకండి. మనుషులతో మలం ఎత్తించడాన్ని, రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, మన ఇంటివాళ్లు చేయని పని ఇంకొకరి ఇంటివాళ్లతో చేయించడానికి మనకేం హక్కుంది? అలాగే చీకట్లో కాలువలోకో, నాగావళి, వంశధార గట్టునో వదిలేయడం కూడా తప్పే. కిందనున్న ఊళ్లు ఆ నీళ్లే తాగుతాయి, ఆ నీళ్లతోనే నాట్లు వేస్తాయి. ఇల్లు చేరేదాకా ఓపిక పట్టండి, లేదా సెప్టిక్ ట్యాంకు ఉన్న లాడ్జివాళ్లను డబ్బిచ్చి అడగండి. మర్యాదగా అడిగితే మాకు ఇంతవరకూ కాదన్నవాళ్లు ఇద్దరే.

స్పేర్లు మన దగ్గర దొరుకుతాయా?

ఇంపెల్లరు, సీలు మీ మోడల్ నంబరు చూసుకుని ఆన్‌లైన్లో ముందే తెప్పించి బండిలో ఉంచండి, చెడిపోయాక తెప్పించుకుంటే వారం పోతుంది. మిగతా అన్నిటికీ మన మెకానిక్కులు చాలు. క్లిప్పులు, లగ్గులు, 6 వైరు, రిలే లారీ ఎలక్ట్రికల్ షాపుల్లో ఉంటాయి. బ్రాకెట్టు వెల్డింగుకు, కాలిన కాయిల్‌కు సాలూరు వైపు లారీ షెడ్లలో చేయి తిరిగినవాళ్లున్నారు, ఈ పంపు పేరు వాళ్లు విని ఉండకపోవచ్చు కానీ డీసీ మోటారు వాళ్లకు కొత్త కాదు. కడిగి ఆరబెట్టి, డెట్టాల్ నీళ్లతో తుడిచి ఇవ్వండి, అది వాళ్లకు మనమిచ్చే గౌరవం.

వానాకాలమంతా బండి షెడ్డులోనే ఉంటుంది. పంపును ఏం చేయాలి?

పెట్టేముందు రెండుసార్లు మంచినీళ్లు నింపి తోడేయండి. పంపులో కాస్త నీరు ఉండనివ్వండి, పూర్తిగా ఎండిపోతేనే రబ్బరు అంటుకుంటుంది. పదిహేను రోజులకోసారి ఒక బకెట్టు నీళ్లు పోసి ఐదారు సెకన్లు తిప్పి ఆపండి. మా ఇంట్లో ఆ పని ఆదివారం పొద్దున్న బావ వంతు, అమ్మ తులసికోటకు నీళ్లు పోసే వేళకు ఆ పంపు చప్పుడు వినిపించకపోతే నేనే వెళ్లి స్విచ్ వేసొస్తాను.